హలూమీ చీజ్ పెనం మీద వేసినా ఎందుకు కరగదు?
సైప్రస్ వాళ్ల హలూమీ కరగకపోవడానికి కారణం, పాలని పులియనివ్వకుండా గడ్డకట్టించి, ఆ ముక్కల్ని మిగిలిన నీళ్లలోనే బాగా వేడిగా ఉడికించేస్తారు. పాలు పులిస్తే కాల్షియం కొంత విడిపోయి ప్రోటీన్ పట్టు వదులవుతుంది, పిజ్జా మీద మోజరెల్లా సాగేది అందుకే, హలూమీలో ఆ పట్టు అలాగే ఉంటుంది కాబట్టి మెత్తబడుతుందే తప్ప కారిపోదు. ఉడికిన ముక్కకి ఉప్పు, ఎండు పుదీనా చల్లి వేడి మీదే మధ్యకి మడుస్తారు. ముక్కలు కోసి పొడి పెనం మీద కాలిస్తే పైన ఎర్రగా వేగి, కొరికితే పళ్ల కింద కీచుమంటుంది, ఎండాకాలం పుచ్చకాయతో తింటారు, ఆ ఉప్పూ తీపీ కలిస్తే భలే ఉంటుంది. చాలామంది ఇది పనీరే అనుకుంటారు, కాదండీ, పనీర్‌కి పాలని నిమ్మరసంతో విరగ్గొడతాం, దీనికి రెన్నెట్ అనే ఎంజైమ్ వాడతారు, అది దూడ కడుపు నుంచి తీసింది కూడా అయ్యుండొచ్చు, శాకాహారులు ప్యాకెట్ చూసి కొనండి.