కోర్టు కబుర్లు: డాలస్ బ్రన్సన్‌ను వదులుకోవాల్సింది కాదు

ప్రశ్న: మేడమ్ గారూ, మా ఇంట్లో ఇప్పటికీ తెగని గొడవ ఇది. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో మా డాలస్ మావెరిక్స్ జట్టు 2022లో పాయింట్ గార్డ్ (ఆటను నడిపించే ఆటగాడు) జేలెన్ బ్రన్సన్‌ను, కాంట్రాక్ట్ ముగిసి ఏ జట్టుకైనా వెళ్లగలిగే ఫ్రీ ఏజెంట్ అయ్యాక, వదులుకుంది. అతను న్యూయార్క్ వెళ్లి పెద్ద స్టార్ అయ్యాడు. పెద్ద పొరపాటు చేశారని మా అబ్బాయి అంటాడు. అతను లేకుండానే 2024లో ఫైనల్స్ దాకా వెళ్లాం కదా, అంత డబ్బు పెట్టకపోవడమే నయమని నేనంటాను. మీరు ఎవరి వైపు?
– ఒక పాఠకుడు, ఇర్వింగ్, టెక్సస్

జవాబు: మీ అబ్బాయి వైపే అండీ. ఫైనల్స్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. డాలస్ తప్పు చేసింది 2022 జులైలో అని అందరూ అంటారు. నా లెక్కలో అది అంతకు ముందే, 2021లోనే జరిగిపోయింది.

బ్రన్సన్‌ను డాలస్ తీసుకున్నది 2018 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట), 33వ స్థానంలో. విలనోవా యూనివర్సిటీతో రెండు జాతీయ టైటిళ్లు గెలిచి వచ్చిన కుర్రాడే అయినా, ఆరడుగుల రెండంగుళాల ఎత్తు చూసి మొదటి రౌండ్‌లో ఎవరూ పిలవలేదు. నాలుగేళ్లకు కలిపి ఇచ్చింది 60 లక్షల డాలర్ల పైచిలుకు. ఎన్‌బీఏ జీతాల్లో అది అడుగు మెట్టు. మూడేళ్లు ఆడాక కాంట్రాక్ట్ పొడిగించే వీలు వచ్చింది. నిబంధనల ప్రకారం డాలస్ ఇవ్వగలిగిన గరిష్ఠం నాలుగేళ్లకు 5.55 కోట్ల డాలర్లు. 2021-22 సీజన్ మొదట్లో ఆ మొత్తానికి సంతకం పెట్టడానికి తన కొడుకు సిద్ధంగా ఉన్నాడని తండ్రి రిక్ బ్రన్సన్ తర్వాత చెప్పాడు. అప్పటి యజమాని మార్క్ క్యూబన్ చెప్పేది వేరు. ఎవరి మాట ఎలా ఉన్నా, ఆ సీజన్ మొదలవకముందే కాగితం ముందు పెట్టి, పెన్ను చేతికిచ్చి ఉంటే ఈ రెండు కథలూ మనం వినాల్సి వచ్చేది కాదు.

ఆగి చూద్దామనుకున్నారు. ఆగితే ఏమైందో మీరు టీవీలో చూసే ఉంటారు. 2022 ప్లేఆఫ్స్‌లో యూటా జట్టుతో మొదటి మూడు మ్యాచ్‌లకు డాలస్ పెద్ద స్టార్ లూకా డోంచిచ్ పిక్క పట్టేసి కూర్చున్నాడు. రెండో మ్యాచ్‌లో బ్రన్సన్ 41 పాయింట్లు కొట్టాడు. మనకు అది తెల్లవారాక వచ్చే ప్రసారం. నేను చేతిలో కాఫీ కప్పు అలాగే పట్టుకుని చూశాను. ఆ 41 పాయింట్ల కన్నా నన్ను పట్టేసిన అంకె ఇంకొకటుంది. ఆ మ్యాచ్‌లో అతను బంతి పోగొట్టుకున్నది ఒక్కసారీ లేదు. ఆట మొత్తం తన చేతుల మీదుగా నడుస్తుంటే, ఎదుటి జట్టు ఇద్దరేసి మీద పడుతుంటే, ఒక్క టర్నోవర్ కూడా లేదు. పాయింట్ గార్డ్‌గా ఆడినవాళ్లకే అది ఎంత కష్టమో తెలుస్తుంది. మూడో మ్యాచ్‌లో 31. లూకా తిరిగొచ్చేసరికి డాలస్ 2-1తో ముందుంది. ఆ ఏడాది వాళ్లు వెస్ట్ ఫైనల్ (లీగ్‌లో పశ్చిమ సగం జట్ల ఫైనల్) దాకా వెళ్లారు.

అప్పటికి 5.55 కోట్లు గడిచిపోయిన బేరం. ఆ జులైలో న్యూయార్క్ నిక్స్ నాలుగేళ్లకు 10.4 కోట్ల డాలర్లు ఇచ్చి తీసుకెళ్లింది. అప్పటికే తండ్రి అక్కడ అసిస్టెంట్ కోచ్‌గా చేరాడు. గడువు కన్నా ముందే మాటలు మొదలుపెట్టారని ఎన్‌బీఏ విచారించి, నిక్స్ నుంచి ఒక రెండో రౌండ్ పిక్ (డ్రాఫ్ట్‌లో ఎంచుకునే వంతు) కూడా లాగేసుకుంది. తండ్రి అక్కడుంటే కొడుకు మాతో ఎలా ఉంటాడని మీరు అడగొచ్చు. అందుకే అంటున్నాను, మార్కెట్‌లోకి వెళ్లకముందే కట్టేసుకోవాలని.

ఇక మీ ఫైనల్స్ వాదన. 2024లో బోస్టన్‌తో 4-1తో ఓడినా, ఫైనల్స్‌కు వెళ్లడం చిన్న విషయం కాదు, కాదనను. కానీ అక్కడికి ఏ దారిలో వెళ్లారో చూడండి. బ్రన్సన్ వెళ్లాక 2022-23లో డాలస్ 38 గెలిచి 44 ఓడింది. ముందటేడు 52 గెలిచిన జట్టు ప్లేఆఫ్స్‌కే వెళ్లలేదు. గార్డ్ ఖాళీ పూడ్చడానికి నవంబరులో కెంబా వాకర్‌ను తెచ్చారు. ఎంత మంచి ఆటగాడో! అప్పటికి మోకాళ్లు సహకరించడం లేదు. తొమ్మిది మ్యాచ్‌లు ఆడించి జనవరిలో పంపేశారు. ఫిబ్రవరిలో కైరీ అర్వింగ్ కోసం స్పెన్సర్ డిన్‌విడ్డీని, డోరియన్ ఫినీ-స్మిత్‌ను, 2029 మొదటి రౌండ్ పిక్‌ను, రెండు రెండో రౌండ్ పిక్‌లను ఇచ్చారు. ఫినీ-స్మిత్ ఎదుటి జట్టులో అందరికన్నా ప్రమాదకరమైన ఆటగాణ్ని కాసేవాడు. కైరీ లేకపోతే ఆ ఫైనల్స్ లేదు, నిజమే. కానీ బ్రన్సన్‌ను ఉంచుకోవడానికి డబ్బు తప్ప ఇంకేమీ ఇవ్వనక్కర్లేదు. అతని స్థానంలోకి ఇంకొకరిని తేవడానికి ఇద్దరు ఆటగాళ్లు, మూడు పిక్‌లు పోయాయి.

లూకా ఉండగా బంతి పట్టుకునే ఇంకో గార్డ్ ఎందుకన్న మాట డాలస్‌లో అప్పుడు గట్టిగా వినిపించింది. ఇద్దరూ కలిసే కదా వెస్ట్ ఫైనల్‌కు వెళ్లింది! పైగా కైరీని తేవడమంటే లూకా పక్కన బంతి పట్టుకునే ఇంకొకరు కావాలని వాళ్లే ఒప్పుకున్నట్టు. లూకా కూర్చుంటే బండి నడిపేవాడు కావాలి, లూకాను ఇద్దరు చుట్టుముడితే బంతి అందుకుని తర్వాతి నిర్ణయం తీసుకునేవాడు కావాలి. నేను హనుమకొండలో కాలేజీ పీడీగా పనిచేసిన రోజుల్లో మా గార్డ్‌కు మడమ బెణికితే, జట్టులో మిగతా పిల్లలంతా బాగా ఆడగలిగినవాళ్లే అయినా ఎక్కడ నిలబడాలో తెలియక ఒకరి మీదకొకరు వచ్చేవారు. ఆ సీటు ఖాళీగా ఉంటే మొత్తం కోర్టు ఇరుకైపోతుంది.

ఇంకో సంగతి, ఇది నాకు నిజంగా బాధ కలిగించేది. 2024 జులైలో బ్రన్సన్ నిక్స్‌తో మళ్లీ సంతకం చేశాడు. ఇంకో ఏడాది ఆగితే ఐదేళ్లకు దాదాపు 26.9 కోట్ల డాలర్లు అడగగలిగేవాడు. ఆగకుండా నాలుగేళ్లకు 15.65 కోట్లకే ఒప్పుకున్నాడు, జట్టుకు మంచి తోడును తెచ్చుకునే వీలుండాలని. 2025లో నిక్స్ ఈస్ట్ ఫైనల్ ఆడింది, 2000 తర్వాత మొదటిసారి. అలాంటి మనిషి నాలుగేళ్లు మీ ఊళ్లోనే ఉన్నాడండీ.

ప్రశ్న: మేడమ్, మన ఐపీఎల్‌లో ఒకరిని వదిలేస్తే ఆ డబ్బుతో వేలంలో ఇంకొకరిని కొనుక్కుంటారు. డాలస్ కూడా ఆ 10 కోట్ల డాలర్లు మిగుల్చుకుని వేరే గార్డ్‌ను తెచ్చుకోవచ్చు కదా?
– డిగ్రీ విద్యార్థి, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: ఈ మొత్తం వ్యవహారంలో అసలు కిటుకు నీ ప్రశ్నలోనే ఉంది బాబూ. ఆ డబ్బు మిగలదు.

ఐపీఎల్ సంగతి నీకు బాగా తెలుసు. 2025 వేలానికి ముందు ఒక్కో జట్టుకు 120 కోట్ల రూపాయల పర్సు. సన్‌రైజర్స్ క్లాసెన్‌కు 23 కోట్లు, కమిన్స్‌కు 18, అభిషేక్ శర్మ, హెడ్‌లకు చెరి 14, మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డికి 6 పెట్టి ఉంచుకుంది. 75 పోగా 45 కోట్లతో వేలంలో కూర్చుంది. హెడ్‌ను వదిలేసి ఉంటే 59 కోట్లతో కూర్చునేది. అక్కడ పర్సు నిజంగా పర్సే, తీస్తే తగ్గుతుంది, పెడితే పెరుగుతుంది.

ఎన్‌బీఏలో సాలరీ క్యాప్ అని ఒక గీత గీస్తారు. 2022-23కి అది సుమారు 12.37 కోట్ల డాలర్లు. ఆ గీత దాటి బయటివాణ్ని పెద్ద జీతానికి తెచ్చుకోవడానికి లేదు. కానీ సొంత ఆటగాణ్ని ఉంచుకోవడానికి మాత్రం గీత దాటొచ్చు. మూడేళ్లు అదే జట్టుకు ఆడినవాడి మీద జట్టుకు పూర్తి హక్కు ఉంటుంది. బోస్టన్ దిగ్గజం లారీ బర్డ్ పేరు మీద దాన్ని బర్డ్ హక్కులంటారు. బ్రన్సన్ డాలస్‌కు నాలుగేళ్లు ఆడాడు కాబట్టి ఆ హక్కు వాళ్లకుంది. వేరే జట్టు నాలుగేళ్లే ఇవ్వగలదు, సొంత జట్టు ఐదేళ్లు ఇవ్వొచ్చు. ఏటేటా పెంపు కూడా బయటివాళ్లు 5 శాతం దాకానే ఇవ్వగలరు, సొంతవాళ్లు 8 శాతం ఇవ్వొచ్చు.

ఇప్పుడు లెక్క చూడు. బ్రన్సన్ జీతం కలపకుండానే డాలస్ జీతాలు గీత దాటేశాయి. అంటే బ్రన్సన్‌కైతే నిక్స్ ఇచ్చినదానికన్నా ఎక్కువే ఇచ్చే హక్కున్నా, బయటి నుంచి ఇంకొక గార్డ్‌కు అందులో సగం ఇవ్వడానికీ వీల్లేదు. అతను గడప దాటిన రోజునే ఆ హక్కూ పోయింది. వాళ్ల దగ్గర మిగిలింది ఇలాంటి జట్లకు ఇచ్చే చిన్న మినహాయింపు ఒక్కటే. దాంతో జవేల్ మెక్‌గీ అనే పొడుగాటి సెంటర్‌ను మూడేళ్లకు తీసుకుని, ఏడాది తిరగ్గానే వదిలేశారు.

క్యాప్ పైన ఇంకో గీత ఉంటుంది, అది దాటితే లగ్జరీ పన్ను. బ్రన్సన్‌ను ఉంచుకుని ఉంటే పన్ను బాగా పడేది. అది యజమాని జేబులోంచి పోయే డబ్బు, నాకు అర్థమవుతుంది. కానీ అది యజమాని లెక్క. కోచ్ లెక్కలో ఆ పదికోట్లు మిగిలినట్టు కాదు, ఒక గార్డ్ పోయినట్టు, అంతే.

ప్రశ్న: అయితే పాయింట్ గార్డ్ ఎంత అడిగితే అంత ఇచ్చేయాల్సిందేనా మేడమ్? ముప్పై దాటాక కాళ్లు పోతాయి కదా. ఇవ్వాలో వద్దో ఎలా తెలుస్తుంది?
– జూనియర్స్ కోచ్, విజయవాడ

జవాబు: వద్దు. ఇచ్చి బాధపడ్డవాళ్లూ ఉన్నారు. 2012లో న్యూజెర్సీ నుంచి బ్రూక్లిన్‌కు మారుతున్న నెట్స్, కొత్త ఊళ్లో ముఖంలా ఉంటాడని డెరాన్ విలియమ్స్‌కు ఐదేళ్లకు 9.8 కోట్ల డాలర్లు ఇచ్చింది. చీలమండలు దెబ్బతిన్నాయి. గుద్దుకుంటూ లోపలికి దూసుకెళ్లే బలమైన గార్డ్ అతను, మొదటి అడుగులో పేలుడు పోతే మిగిలేది తక్కువ. 2015లో మిగతా కాంట్రాక్ట్‌ను బేరమాడి రద్దు చేసుకున్నారు.

అలాగే మైక్ కాన్లీ. 2016లో మెంఫిస్ అతనికి ఐదేళ్లకు 15.3 కోట్లు రాసింది, అప్పటికి ఎన్‌బీఏ చరిత్రలోనే పెద్ద కాంట్రాక్ట్. 2017-18లో మడమ నొప్పితో 12 మ్యాచ్‌లే ఆడాడు, జట్టు 60 ఓడింది. డబ్బు వృథా అన్నారు. మరుసటేడు 70 మ్యాచ్‌లు ఆడి సగటున 21 పాయింట్లు చేశాడు. 2019లో అతన్ని యూటాకు ఇచ్చి మెంఫిస్ ఆటగాళ్లనూ, రెండు మొదటి రౌండ్ పిక్‌లనూ తెచ్చుకుంది. కాన్లీ ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి ఆడాడు. మంచి గార్డ్‌కు రాసిన పెద్ద కాంట్రాక్ట్‌ను అవసరమైతే ఇంకొకరికి ఇచ్చి ఏదో ఒకటి తెచ్చుకోవచ్చు. ఊరికే వెళ్లిపోయినవాడికి బదులు ఏమీ రాదు.

వయసు సంగతంటారా, దానికి డాలస్ దగ్గరే ఇంకో పాఠం ఉంది. 2004లో స్టీవ్ నాష్ ఫ్రీ ఏజెంట్. వయసు 30, నడుము నొప్పి పాతదే. బెంచీ మీద కూర్చోలేక కోర్టు పక్కన నేల మీద వెల్లకిలా పడుకునేవాడు, మీకు గుర్తుండే ఉంటుంది. ఫీనిక్స్ ఆరేళ్లకు దాదాపు 6.5 కోట్ల డాలర్లు ఇస్తానంది. డాలస్‌ను అంత ఇవ్వమని అడిగాడు. అప్పుడూ యజమాని క్యూబనే. ఇవ్వలేదు. ముందటేడు 29 గెలిచిన ఫీనిక్స్ నాష్ వచ్చాక 62 గెలిచింది, ప్లేఆఫ్స్‌లో డాలస్‌ను 4-2తో ఇంటికి పంపింది. నాష్ 2005, 2006ల్లో వరసగా ఎంవీపీ, అంటే సీజన్ మొత్తానికి అత్యుత్తమ ఆటగాడు. డాలస్‌కు ఉన్న ఒకే ఒక్క టైటిల్, 2011ది, అప్పుడు పాయింట్ గార్డ్ జేసన్ కిడ్ వయసు 38. ఆ కిడ్డే 2022లో డాలస్ హెడ్ కోచ్. వయసు చూసి గార్డ్‌ను తూచకూడదని ఆ ఊరికి తెలిసినంతగా ఇంకెవరికి తెలియాలి!

నేనైతే పుట్టిన తేదీ పక్కన పెట్టి అతని ఆట దేని మీద నిలబడిందో చూస్తాను. మీ పిల్లలకు కూడా ఒకసారి బ్రన్సన్ వీడియో పెట్టి కాళ్లు మాత్రమే చూడమనండి. ఎడమచేతి వాటం. పెయింట్‌లోకి (రింగ్ ముందు రంగు వేసిన భాగంలోకి) వస్తూ భుజంతో డిఫెండర్‌ను కొంచెం వెనక్కి తోస్తాడు. అక్కడ వేగం పెంచడు, రెండు కాళ్ల మీదా ఒకేసారి ఆగిపోతాడు. ఆగగానే డిఫెండర్ బరువు ముందుకొస్తుంది. బంతి పైకి లేపినట్టు చూపిస్తాడు, డిఫెండర్ ఎగురుతాడు. ఇతను ఇంకా నేల మీదే ఉన్నాడు. ఒక పాదం కదలకుండా రెండోది తిప్పి అవతలి పక్కకు వచ్చి తీరిగ్గా షాట్ వేస్తాడు. అందులో ఎక్కడా ఎగరడం లేదు, పరుగు పందెం లేదు. నాష్ కూడా అంతే, రింగ్ కింద డ్రిబుల్ ఆపకుండా అటు నుంచి ఇటు తిరిగొచ్చి దారి దొరికేదాకా ఆగేవాడు. ఇలాంటి ఆట ముప్పై రెండేళ్లకు తరిగిపోదు. డెరాన్ లాంటివాడి ఆట తరుగుతుంది. అలాంటివాడికైతే నేను మూడేళ్లకు మించి రాయను.

ఒకవేళ ఇవ్వకూడదనే నిర్ణయించుకుంటే, ఆ నిర్ణయం ఫిబ్రవరిలో ట్రేడ్ (జట్లు ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకోవడం) గడువు లోపల జరగాలి. టొరంటోలో ఫ్రెడ్ వాన్‌వ్లీట్ ఉండేవాడు. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోకపోతే టొరంటో చేరదీసింది, 2019లో జట్టుకు టైటిల్ రావడంలో పెద్ద చెయ్యి అతనిది. 2020లో ఫ్రీ ఏజెంట్ అయితే నాలుగేళ్లకు 8.5 కోట్ల డాలర్లు ఇచ్చి ఉంచుకున్నారు, సరైన పని చేశారు. చివరి ఏడాది వద్దనుకుని బయటికొచ్చే వీలు ఆ కాంట్రాక్ట్‌లోనే అతనికుందని తెలిసి కూడా 2023 ఫిబ్రవరిలో అటో ఇటో తేల్చలేదు. ఉంచుకోనూ లేదు, ట్రేడ్ చేయనూ లేదు. జులైలో అతను మూడేళ్లకు దాదాపు 13 కోట్ల డాలర్లకు హ్యూస్టన్ వెళ్లిపోయాడు. టొరంటోకు బదులుగా ఒక్క ఆటగాడూ రాలేదు, ఒక్క పిక్కూ రాలేదు.