పడుకుంటే పెరిగే నొప్పి

చి. చిన్నాకు బాబాయి ఆశీస్సులు.

మొన్న ఫోన్లో మాట్లాడుతూ తుమ్ము రాగానే "అబ్బా" అని ఆగిపోయావు. ఏమైందంటే "పక్కటెముకల్లో పట్టేసింది బాబాయ్, గ్యాస్ అయి ఉంటుంది" అన్నావు. ఆరు నెలలుగా ఇలాగే ఉందని తర్వాత వదిన చెప్పింది. నీ వయసులో నేనూ గ్యాస్ అనే అనుకున్నాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను, తీరిక చేసుకుని చదువు.

నా నొప్పి పిరుదుల దగ్గర మొదలైంది. కొన్నాళ్లు కుడివైపు, కొన్నాళ్లు ఎడమవైపు. తర్వాత వెన్నులోకి, ఆ తర్వాత పక్కటెముకల్లోకి పాకింది. గుండె జబ్బేమోనని ఈసీజీ తీశారు, బాగానే ఉంది. ఇంకోచోట డిస్క్ అని చెప్పి ఆరు వారాలు మంచం దిగొద్దన్నారు. దిగలేదు. లేచేసరికి నడుము కర్రలా బిగుసుకుపోయింది. మీ నానమ్మ పాపం, ఎదురుకాళ్లతో పుట్టిన ఒకాయన్ని పిలిపించి నా వీపు మీద తొక్కించింది కూడా. జబ్బు పేరు తెలియడానికి ఎనిమిదేళ్లు పట్టింది. ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్, అంటే వెన్ను కీళ్లలో వాపు వచ్చి పూసలు బిగుసుకుపోయే జబ్బు. అప్పటికే కొన్ని వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఎవరైనా వెనకనుంచి పిలిస్తే నేను ఒళ్లంతా తిప్పి చూడటం నువ్వు చిన్నప్పటినుంచీ చూస్తూనే ఉన్నావు.

నీకూ అదే ఉందని నేననడం లేదు. అది తేల్చాల్సింది డాక్టరు. నువ్వు గమనించాల్సింది మాత్రం ఒకటుంది. బరువు ఎత్తినప్పుడో, కుర్చీలో వంగి కూర్చున్నప్పుడో పట్టే నొప్పి పడుకుంటే తగ్గుతుంది, మామూలుగా కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. ఈ రకం నొప్పి అలా కాదు. పడుకుంటే పెరుగుతుంది. తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకు నిద్రలేపుతుంది. పొద్దున లేచాక అరగంటపైన ఒళ్లు వంగదు. అటూ ఇటూ తిరిగితే, వేడినీళ్లు పోసుకుంటే సడలుతుంది. నలభై అయిదేళ్లలోపు మొదలై మూడు నెలలు దాటి ఇలా ఉంటే వాపు వల్ల వచ్చే నొప్పేమో చూడాలి. మాకు తెలిసినదల్లా నొప్పొస్తే పడుకోవడమే. నా విషయంలో అదే చెడ్డదైంది.

పక్కటెముకలకీ దీనికీ ఏం సంబంధం అంటావేమో. పన్నెండు జతల పక్కటెముకలూ వెనకవైపు చిన్న చిన్న కీళ్లతో వెన్నుపూసలకు కలిసి ఉంటాయి. గాలి పీల్చిన ప్రతిసారీ ఆ కీళ్లు కదలాలి. అక్కడ వాపు వస్తే దగ్గినా తుమ్మినా కత్తితో పొడిచినట్టే. నొప్పికి భయపడి మనం పైపైనే గాలి పీలుస్తాం, దాంతో ఛాతీ ఇంకా బిగుస్తుంది. డాక్టరు టేపుతో ఛాతీ చుట్టుకొలత, గాలి వదిలినప్పుడు ఒకసారి, నిండా పీల్చినప్పుడు ఒకసారి కొలిచేది అందుకే. నువ్వు సిగరెట్ కాలుస్తావని నాకు తెలుసు. ఆ ఊపిరితిత్తులకు, ఈ వెన్నుకు రెంటికీ అది చేటే. మానేయరా.

నొప్పికి వేరే కారణాలూ ఉంటాయి. కొవ్వు పదార్థాలు తిన్నాక కుడి డొక్కలో మొదలై వీపు రెక్క దాకా పాకితే పిత్తాశయంలో రాళ్లేమో చూడాలి. ఒకే పక్కన పట్టీలా మండి, రెండు మూడు రోజులకు పొక్కులు లేస్తే సర్పి. దానికి పొక్కులు లేచిన మూడు రోజుల్లోపు మందు మొదలుపెడితే మంచిది, ఆకుపసర్ల కోసం ఆగొద్దు. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటే వెన్నెముక టీబీ కాదని తేల్చుకోవాలి, మన దేశంలో అది అరుదేమీ కాదు. ఇక ఛాతీ బరువెక్కి చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా, కాళ్లు పట్టు తప్పినా, మూత్రం మీద అదుపు పోయినా ఆ గంటలోనే ఆసుపత్రిలో ఉండాలి.

నువ్వు వెళ్లాల్సింది రుమటాలజిస్టు, అంటే కీళ్లవాపు జబ్బులు చూసే డాక్టరు దగ్గరకు. హైదరాబాద్‌లోనే ఉన్నావు, అక్కడి నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. వెళ్లేముందు రెండు వారాలు ఒక నోటుబుక్కులో రాసుకో: ఎన్నింటికి మెలకువ వచ్చింది, ఎంతసేపు బిగుసుకుని ఉంది, నడిస్తే ఏమైంది. ఎప్పుడైనా కన్ను ఎర్రబడి నొప్పిపెట్టి వెలుతురు చూడలేకపోయావా, అదీ రాయి. అది దీనికి సంబంధం లేని విషయమనుకుని నేను చెప్పలేదు. చెప్పి ఉంటే కొన్నేళ్లు కలిసొచ్చేవి. ఎక్స్‌రే బాగుందన్నారని ఊరుకోవద్దు, మొదట్లో అందులో ఏమీ కనపడకపోవచ్చు. ఎంఆర్ఐలో ముందే తెలుస్తుంది. హెచ్ఎల్ఏ బీ27 అని, ఈ జబ్బుతో సంబంధమున్న జన్యువు కోసం చేసే రక్తపరీక్ష ఒకటుంది, అది పాజిటివ్ వచ్చినా టెన్షన్ పడకు. ఆ జన్యువు ఉన్నవాళ్లలో చాలామందికి ఈ జబ్బు రానే రాదు.

మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు మింగడం ఆపు. ఈ జబ్బులో అవే మొదటి మందు, బాగా పనిచేస్తాయి కూడా. కానీ ఎంత, ఎన్నాళ్లు అన్నది డాక్టరు చెప్పాలి, కడుపునీ కిడ్నీలనీ చూసుకుంటూ వాడాలి. పేరులేని పొట్లాల జోలికి అసలే పోకు, వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. మాత్రలు చాలకపోతే ఇప్పుడు ఒంట్లో వాపు పుట్టించే పదార్థాలను అడ్డుకునే బయోలాజిక్ ఇంజెక్షన్లున్నాయి. వాటికి ముందు టీబీ పరీక్ష తప్పనిసరి.

నన్ను ఇవాళ నిలబెట్టింది మాత్రం రోజూ పొద్దున చేసే ఆ అరగంటే. వేడినీళ్ల స్నానం చేసి గోడకు మడమలు, పిరుదులు, తల ఆనించి నిలబడతాను. అరచేతులు డొక్కల మీద పెట్టి, చేతుల్ని బయటికి నెట్టేలా పదిసార్లు గాలి నింపుతాను. తర్వాత పావుగంట బోర్లా పడుకుంటాను. దిండు పలచనిదే. నీకేవి సరిపోతాయో ఫిజియోథెరపిస్టు నేర్పిస్తారు. వీపు తొక్కించుకోవడం, మెడ విరిపించుకోవడం మాత్రం వద్దు. బిగుసుకున్న పూసలు విరిగే ప్రమాదం ఉంది.

అపాయింట్‌మెంట్ దొరకగానే చెప్పు. ముందురోజు రాత్రి బస్సుకి వచ్చేస్తాను, నా పాత ఫైలు కూడా తెస్తాను. మన ఇంట్లో ఈ జబ్బు ఉన్న సంగతి డాక్టరుకు తెలియాలి.

ఉంటాను.
మీ బాబాయి