లిఫ్ట్ ఎక్కాలంటే భయమేస్తోంది, చెప్తే మా ఆయన నవ్వుతున్నారు

అమ్మా, కూకట్‌పల్లిలో కొత్త ఫ్లాట్‌లోకి మారారు, మీ ఆయనకి నైట్ షిఫ్టులు, ఓ రాత్రి బాబు పడుకున్నాక ఒక్కరే 13బి అనే దెయ్యం సినిమా చూశారు, అప్పట్నుంచీ లిఫ్ట్ ఎక్కాలన్నా టీవీ పెట్టాలన్నా గుండె దడ, మీ ఆయనేమో నవ్వుతున్నారు, ఊర్నుంచి అత్తగారు ఫోన్లో తాయెత్తు కట్టించుకోమంటున్నారు. "నాకు పిచ్చి పడుతోందా?" అని అడిగారు. లేదమ్మా, అస్సలు కాదు.

విక్రమ్ కె. కుమార్ 2009లో తీసిన ఆ సినిమాలో పాడుబడ్డ బంగళాలేం ఉండవు కదా, ఉన్నదంతా మన ఇంట్లోవే. రోజూ పాలు విరిగిపోవడం, మాధవన్ ఎక్కితే లిఫ్ట్ కదలకపోవడం, ఇంట్లో ఆడవాళ్ళు కూర్చుని చూసే సీరియల్లో వాళ్ళ ఇంటి కథే నడవడం. బంగళా దెయ్యమైతే సినిమా అయిపోగానే బంగళాలోనే ఉండిపోతుంది, ఈ పాలూ లిఫ్టూ టీవీ మాత్రం పొద్దున్న లేస్తే మీ కళ్ళ ముందే ఉంటాయి, అందుకే ఆ భయం మీ ఇంట్లోకొచ్చి కూర్చుంది.

కానీ నాకు అందులో అన్నిటికన్నా భయం వేసేది దెయ్యం కాదు, ఏదో తేడాగా ఉందని మాధవన్ ఒక్కడికే తెలియడం, పక్కనే ఇంటిల్లిపాదీ హాయిగా సీరియల్ చూస్తూ ఉండటం. మీ ఉత్తరం చదువుతుంటే అదే గుర్తొచ్చింది. కొత్త చోటు, తెలిసినవాళ్ళు లేరు, రాత్రంతా చిన్న పిల్లాడితో ఒంటరిగా, చెప్పుకుంటే నవ్వు. ఆ సినిమా చూడకపోయినా ఈ బెంగ ఏదో ఒక రూపంలో బయటపడేదే అనిపిస్తోంది నాకు.

అందుకని మీ ఆయనతో దెయ్యం గురించి మాట్లాడకండి, "రాత్రిళ్ళు ఒక్కదాన్నే ఉండలేకపోతున్నా" అని సూటిగా చెప్పండి, ఆయన నిద్రమత్తులో ఉన్నప్పుడు కాదు, సెలవు రోజు చెప్పండి. అత్తగారి మీద కోపం వద్దమ్మా, తాయెత్తు సంగతెలా ఉన్నా మీ భయాన్ని నమ్మింది ఆవిడొక్కరే, కొన్నాళ్ళు వచ్చి మీతో ఉండమనండి. పక్క ఫ్లాట్ వాళ్ళతో పరిచయం చేసుకోండి, లిఫ్ట్‌లో మొదట వాళ్ళతో కలిసి పగలు ఎక్కండి, మానేసి మెట్లెక్కితే మాత్రం భయం ఇంకా ముదురుతుంది. రాత్రిళ్ళు ఇలాంటి సినిమాలు కొన్నాళ్ళు ఆపండి.

గుండె దడ పగలు కూడా ఉంటే డాక్టర్‌కి చూపించుకోండి, థైరాయిడ్ ఎక్కువైనా ఇలా ఉంటుంది. రెండు మూడు వారాలైనా నిద్ర పట్టకపోతే సైకియాట్రిస్ట్‌ని కలవండి. ఈలోపు ఏ అర్ధరాత్రో తట్టుకోలేకపోతే టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే హెల్ప్‌లైన్ అది, ప్రభుత్వానిదే, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.