‘బాగానే ఉందండి’ అంటే రాసేసుకోకు

చిరంజీవి అమ్మలుకు,

పర్లాకిమిడి ఆసుపత్రిలో మత్తు మాన్పించే గదిలో ఫోన్ పని నీకు అప్పజెప్పారని తెలిసి ఈ ఉత్తరం రాస్తున్నాను. బ్రౌన్ షుగరో (నాసిరకం హెరాయిన్), ట్రమడాల్ అనే నొప్పి బిళ్ళలో, కోడీన్ అనే మత్తు కలిసిన దగ్గు సిరపో అలవాటైనవాళ్ళని ఫోన్లోనూ వీడియోలోనూ కనిపెట్టుకుని ఉండాలి. ఆ వైద్యం వాళ్ళకి తృప్తిగా ఉందో లేదో కూడా కనుక్కోవాలి. ఈ రెండోదే కష్టం. ‘ఎలా ఉంది బాబూ?’ అని అడిగితే ‘బాగానే ఉందండి’ అంటారు. అందులో నీమీద మర్యాద కొంత, ఏమైనా అంటే మీరిచ్చే బిళ్ళ ఆపేస్తారేమోనన్న భయం చాలా ఎక్కువ. ఆ మాట రిజిస్టర్లో రాసుకుని ఫోన్ పెట్టేస్తే నీకు తెలిసిందేమీ ఉండదు.

ఫోన్‌తో ఏం కుదురుతుందో, ఏం కుదరదో మొదటి రోజే చెప్పెయ్. మత్తు మాన్పించడానికి మీరు నాలుక కింద పెట్టించే బిళ్ళ, బ్యుప్రెనార్ఫిన్, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తుంది. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ నియమాల ప్రకారం అలాంటివాటిని ఫోన్లో రాయకూడదు, వీడియోలోనూ రాయకూడదు. అమెరికాలో అదే నెలలో, కరోనా వల్ల, రోగిని ఎదురుగా చూడకుండానే ఈ బిళ్ళ మొదలుపెట్టే వెసులుబాటు ఇచ్చారు. దారి ఖర్చు తప్పడం, వరసలో నిలబడి నలుగురి కంటా పడకపోవడం అక్కడి రోగులకి బాగా నచ్చాయి. మన దగ్గర బిళ్ళకి మనిషి రావాల్సిందే, మాటకి మాత్రం ఫోన్ చాలు. బరంపురం నిపుణుణ్ణి వీడియోలో కూర్చోబెట్టినా, రోగిని ముట్టుకుని చూసి చీటీ రాసేది మీ ఆసుపత్రి డాక్టరే. ఇది ముందుగా చెప్పకపోతే ‘ఫోన్లోనే అన్నీ అన్నారు, మళ్ళీ బస్సెక్కమంటున్నారు’ అని మొదటి వారంలోనే మనసు విరుగుతుంది.

బిళ్ళ పనిచెయ్యడం లేదని ఎవరైనా అంటే, మోతాదు గురించి డాక్టరుకి చెప్పేముందు ఎలా వేసుకున్నారో అడుగు. నోట్లో ఖైనీ, గుట్కా ఉంటే ఉమ్మేసి పుక్కిలించాలి. ఒక గుక్క నీళ్ళతో నోరు తడి చేసుకుని, బిళ్ళని నాలుక కింద పెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి కూర్చోవాలి. 5 నుంచి 10 నిమిషాలు పడుతుంది. అంతసేపూ మాటల్లేవు, టీ లేదు, ఊరిన లాలాజలం మింగకూడదు. మింగేస్తే, రక్తంలో కలిసేలోపే కాలేయం చాలావరకు విరిచేస్తుంది, పట్టు రాదు. జ్వరం బిళ్ళలా నీళ్ళతో మింగేసి ‘ఇది డూప్లికేటు’ అనేవాళ్ళు ఎక్కువ. కాబట్టి వాళ్ళు బిళ్ళ వేసుకునే వేళకి మాట్లాడడానికి ఫోన్ చెయ్యకు, చేస్తే వీడియో చేసి చూడు. కరిగాక నాలుక పైకెత్తి చూపించమను. తర్వాత నీళ్ళు నోట్లో తిప్పి మింగమను. పళ్ళు తోముకోవడం మాత్రం గంట ఆగాక, లేకపోతే పళ్ళు పాడవుతాయి.

మొదటి బిళ్ళ తొందరపడి వేసుకోవడం ఇంకా పెద్ద తప్పు. బ్రౌన్ షుగర్ వాడి కనీసం 12 గంటలు గడవాలి. ఆవలింతలు, ముక్కు కారడం, ఒళ్ళు లాగడం, రోమాలు లేవడం మొదలవ్వాలి. ముందే వేస్తే ఒంట్లో ఉన్న మత్తుని ఈ బిళ్ళ ఒక్కసారిగా తోసేస్తుంది, రోగి గిలగిల్లాడిపోతాడు, మళ్ళీ మీ గుమ్మం తొక్కడు. మొదటి మోతాదు ఆసుపత్రిలో డాక్టరు కళ్ళముందే పడాలి. మామూలుగా 2 నుంచి 4 మి.గ్రా. వేసి, రెండు గంటలాగి చూస్తారు. ఆ సాయంత్రం నువ్వు ఫోన్ చెయ్యి. తర్వాత 2, 4, 7వ రోజుల్లో, ఆపైన వారానికోసారి. కంటిపాప, నాడి, చెమట గొంతు వింటే తెలియవు. వీడియో పెట్టించు, ఇంట్లో ఎవరిచేతనైనా నాడి నిమిషం పాటు లెక్కపెట్టించు.

ఫోన్ ఎవరిదో తెలుసుకో. చాలా ఇళ్ళలో ఒకటే ఫోన్, అది భార్యదో తమ్ముడిదో అయి ఉంటుంది. వేరేవాళ్ళు ఎత్తితే ఆసుపత్రి పేరు, జబ్బు పేరు చెప్పకు. ‘మళ్ళీ చేస్తాను’ అని పెట్టెయ్. రోగే ఎత్తితే మొదటి ప్రశ్న ఒకటే: ‘పక్కన ఎవరైనా ఉన్నారా? అవును, కాదు అంటే చాలు.’ ‘పొలం పనిలో ఉన్నాను’ లాంటి గుర్తుమాట ముందే అనుకోండి, అది వినపడగానే పెట్టెయ్. చీటీల ఫొటోలు వాట్సాప్‌లో పంపకు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆ గోప్యతని వాళ్ళకి హక్కుగా ఇచ్చింది. ఫోన్ రికార్డు చేసి పోలీసులకి ఇస్తారని కూడా భయపడతారు. కొద్దిపాటి సరుకు కేసుల్లో, తనంతట తాను వైద్యానికి వచ్చిన వాడుకదారుకి మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్ రక్షణ ఇస్తుందని చెప్పు. అమ్మినవాడికి అది వర్తించదని కూడా దాచకుండా చెప్పు.

భాష దగ్గర జాగ్రత్త. ‘మందు తీసుకుంటున్నావా?’ అని అడిగితే మనవాళ్ళకి సారా గుర్తొస్తుంది, ‘లేదమ్మా, మానేశాను’ అంటారు. ‘బిళ్ళ’ అను, ‘నాలుక కింద బిళ్ళ’ అను. బరంపురం డాక్టరు ఒడియాలో అడుగుతుంటే కాశీనగర్ వైపువాళ్ళు అర్థమైనా కాకపోయినా తలూపుతారు. డాక్టరు చెప్పింది వాళ్ళ మాటల్లో తిరిగి చెప్పించు.

ఇక తృప్తి సంగతి. సీఎస్‌క్యూ-8 అని ఎనిమిది ప్రశ్నల ఫారం ఉంది. ఒక్కో ప్రశ్నకి 1 నుంచి 4 మార్కులు, మొత్తం 8 నుంచి 32. నింపించు, కానీ దాన్నే నమ్ముకోకు, అందరూ పైమార్కులే వేస్తారు. బిళ్ళ ఇచ్చే మనిషి ఆ ఫారం అసలు పట్టుకోకూడదు. నా లెక్కలో నిజం చెప్పించే ప్రశ్నలు వేరు. నిన్న బిళ్ళ పట్టు ఎన్ని గంటలుంది? రాత్రి ఎన్నింటికి మెలకువ వచ్చింది? ఈ 7 రోజుల్లో ఎన్ని రోజులు బయట సరుకు వాడారు? ఈ పని కోసం ఆసుపత్రికే వచ్చి ఉంటే ఎన్ని పూటల కూలి పోయేది? అన్నిటికన్నా ముఖ్యం: ‘ఏ మాట ఫోన్లో చెప్పలేకపోయారు?’ అది అడిగాక నువ్వు మాట్లాడకు. పది సెకన్లు, ఇరవై సెకన్లు నిశ్శబ్దం భరించు. మలబద్ధకం, పడకటింటి బాధ, అప్పు, భర్త కొట్టడం, అన్నీ అక్కడే బయటికొస్తాయి. అలా బయటపడ్డది ఫోన్లో తేలకపోతే ‘వచ్చేసారి ఎదురుగా మాట్లాడదామా?’ అని అడుగు. ఫోన్ నచ్చకపోవడం వాళ్ళ తప్పు కాదు.

లెక్క రాసేటప్పుడు వెళ్ళిపోయినవాళ్ళని మర్చిపోకు. ఉదాహరణకి 40 మంది మొదలుపెట్టారు, 25 మంది ఫోన్ ఎత్తారు, అందులో 22 మంది తృప్తి అన్నారు అనుకో. 88 శాతం అని పైకి పంపితే అది అబద్ధం. మొదలుపెట్టినవాళ్ళలో 22 మంది అంటే 55 శాతం. ఆ 15 మందికీ ఒక్కొక్కరికి మూడుసార్లు, వేర్వేరు వేళల్లో ఫోన్ చెయ్యి. సూరత్ పనికి వెళ్ళిపోయినవాడు రాత్రి తొమ్మిది దాటాక దొరకొచ్చు. తిడితే తిట్టనీ, ఆ తిట్లు ఉన్నదున్నట్టు రాసుకో. ఎవరూ తీరిగ్గా చెప్పని సంగతి అందులోనే ఉంటుంది.

కొన్నిటికి ఫోన్ చాలదు. గర్భిణి, పచ్చకామెర్లవాడు, సూదులు ఎక్కించుకునేవాడు ఆసుపత్రికి రావాలి. కాలేయం, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు మాటల్లో అవ్వవు. గర్భిణి బిళ్ళ తనంతట తాను ఆపెయ్యకూడదని గట్టిగా చెప్పు. ఈ బిళ్ళతో పాటు సారా గానీ ఆల్ప్రజోలం లాంటి నిద్రబిళ్ళలు గానీ పడితే ఊపిరి ఆగొచ్చు, అది ప్రతి ఫోన్లోనూ అడుగు. బయట సరుకు కొన్నాళ్ళు మానేసినవాడు పాత మోతాదులోనే మళ్ళీ వాడితే ఒళ్ళు తట్టుకోలేదు. లేపితే లేవడం లేదు, పెదాలు నీలంగా ఉన్నాయి, ఊపిరి తక్కువగా ఉంది అంటే కౌన్సెలింగ్ మొదలుపెట్టకు. పక్కకి తిప్పి పడుకోబెట్టమని చెప్పి 108కి చేయించు.

నువ్వు ఇంటికెళ్ళాక ఎవరికి చెయ్యాలో వాళ్ళ చేతిలో కాగితం ఉండాలి. మానసిక ఆరోగ్య సహాయానికి సర్కారు ఫోన్ టెలి మానస్, 14416, తెలుగులోనూ ఒడియాలోనూ పలుకుతుంది, మత్తు విముక్తి సహాయానికి 14446. ఆ కాగితం మీద అంకెలు తప్ప ఆసుపత్రి పేరు, జబ్బు పేరు రాయకు.

ప్రేమతో,
పెద్దమ్మ