ఫ్యాక్టరీ లేదు, నీళ్ళు తేటగా ఉన్నాయి, మరి ఆర్సెనిక్ ఎక్కణ్ణుంచి వచ్చింది?

ప్రశ్న: సార్, మా కాలనీ మొత్తానికి ఒకటే బోరు. వేసిన కొత్తలో టెస్ట్ చేయిస్తే ఆర్సెనిక్ అనే విషం లేదన్నారు. తర్వాత నీళ్ళు అందట్లేదని పెద్ద మోటారు పెట్టి పొద్దస్తమానం తోడుతున్నాం. ఈమధ్య మళ్ళీ టెస్ట్ చేయిస్తే లీటరుకి 38 మైక్రోగ్రాములు అని వచ్చింది. దగ్గర్లో ఫ్యాక్టరీ ఏదీ లేదు, రుచి కూడా మారలేదు. ల్యాబ్ వాళ్ళ తప్పేమో అని కమిటీలో కొందరి వాదన. మీరేమంటారు?

జవాబు: ఇంకో ల్యాబ్‌లో కూడా చూపించుకోండి, తప్పులేదు, కానీ మీరు రాసింది చదివితే నాకైతే రిపోర్టు కరెక్టే అనిపిస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు 10 మైక్రోగ్రాములు, మీది దాదాపు నాలుగు రెట్లు, కాబట్టి రెండో రిపోర్టు వచ్చేలోపు తాగడానికీ వంటకీ వేరే నీళ్ళు చూసుకోండి. రుచి మారలేదంటున్నారు, ఆర్సెనిక్‌కి అసలు రుచీ వాసనా రంగూ ఏవీ ఉండవు, అదే దాంతో వచ్చిన చిక్కు.

ఫ్యాక్టరీ అక్కర్లేదండీ దీనికి. నదులు తెచ్చి పోసిన ఇసుకలో, బంకమట్టిలో రేణువుల మీద తుప్పులాంటి ఐరన్ పూత ఉంటుంది, ఆర్సెనిక్ దాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. ఆక్సిజన్ లేని చోట, పైగా కుళ్ళిన ఆకూ అలమూ కూడా ఉంటే, బ్యాక్టీరియా ఆక్సిజన్ బదులు ఆ ఐరన్‌నే వాడుకుని పూతని కరిగించేస్తుంది, ఆర్సెనిక్ నీళ్ళలోకి దిగిపోతుంది. బంకమట్టి పొరల్లో నీళ్ళు ఎన్నో ఏళ్ళు కదలకుండా ఉంటాయి కాబట్టి అక్కడ ఇది బాగా పేరుకుంటుంది. మామూలుగా తోడితే మోటారుకి వచ్చేది ఇసుక పొరలో నీళ్ళే, బంకమట్టి జోలికి పోదు. మితిమీరి తోడితే ఇసుకలో ప్రెషర్ పడిపోయి, పైనా కిందా ఉన్న బంకమట్టి తడిగుడ్డ పిండినట్టు తన నీళ్ళు వదిలేస్తుంది, ఆ నీళ్ళతో పాటే ఆర్సెనిక్. పిండుడు పడ్డ బంకమట్టి అణిగిపోతుంది, పైన నేల కుంగుతుంది.

కాలిఫోర్నియాలో శాన్ హొకీన్ లోయ అని ఉంది, అక్కడ ఒక స్తంభం ఫోటో చాలా ఫేమస్, 1925లో నేల ఎక్కడుంది, 1955లో ఎక్కడుంది, 1977లో ఎక్కడుంది అని స్తంభం మీద బోర్డులు కొట్టి కింద మనిషిని నిలబెట్టారు, 1925 బోర్డు అతని తలకి ఎన్నో మీటర్ల పైన ఉంటుంది. అదే లోయలో ఏడాదికి 3 అంగుళాల కంటే ఎక్కువ కుంగుతున్న చోట్ల బావుల్లో ఆర్సెనిక్ హద్దు దాటే ప్రమాదం దాదాపు మూడు రెట్లు ఉందని 2018లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళు లెక్క తేల్చారు. చాలా ఏళ్ళ కిందట కుంగి తర్వాత తోడకం తగ్గిన చోట మాత్రం ఆ జాడ కనిపించలేదు, అంటే తోడకం తగ్గిస్తే బాగుపడే అవకాశం ఉందన్నమాట. మీ కమిటీలో చర్చ పెట్టాల్సింది ల్యాబ్ మీద కాదు, ఆ పెద్ద మోటారు మీద.

ఆర్సెనిక్ నీళ్ళలోకి దిగడానికి ఇంకో దారి కూడా ఉంది, దీనికి పూర్తిగా రివర్సు. కొన్ని రాళ్ళలో ఆర్సెనిక్ సల్ఫైడ్ (గంధకం కలిసిన) ఖనిజాల్లో బంధించి ఉంటుంది, నీటిమట్టం దిగి అక్కడికి గాలి తగిలితే అవి కరిగి వదిలేస్తాయి, అమెరికాలోనే విస్కాన్సిన్‌లో జరిగింది ఇదే.

ప్రశ్న: ఇంకా లోతుకి వేస్తే మంచి నీళ్ళు పడతాయని బోరు వేసేవాళ్ళు అంటున్నారు, నిజమేనా?

జవాబు: సగం నిజం. బంగ్లాదేశ్‌లో, పశ్చిమ బెంగాల్‌లో లోతైన బోర్లలో ఆర్సెనిక్ చాలాచోట్ల తక్కువే. అక్కడ బోరు వేసేవాళ్ళు పైకొచ్చిన ఇసుక రంగు చూసే పసిగడతారు, నారింజ, ఎర్రమట్టి రంగులో వస్తే ఐరన్ పూత ఇంకా కరగలేదని, కాబట్టి నీళ్ళు ఎక్కువగా బాగుంటాయని, బూడిద రంగు వస్తే అనుమానించాలని. అయితే ఆ మంచి పొరని గట్టిగా తోడితే పక్కనున్న చెడ్డ నీళ్ళు మెల్లగా దానివైపు లాగబడతాయి. వియత్నాంలో హనోయ్ సిటీ తోడకం వల్ల దగ్గర్లోని ఒక పల్లె కింద ఇలా జరగడం 2013లో బయటపెట్టారు, నీళ్ళు 2 కిలోమీటర్ల పైన కదిలినా ఆర్సెనిక్ మాత్రం ఇసుకకి అంటుకుంటూ 120 మీటర్లే వచ్చింది. నెమ్మదే, కానీ వస్తోంది. అదే ఏడాది వియత్నాం దక్షిణాన ఉన్న మెకాంగ్ డెల్టాలో లోతైన బావుల గురించి కూడా బంకమట్టి పిండుడు కథే బయటపడింది. కాబట్టి లోతు అంటే గ్యారంటీ కాదు, ఎంత తోడుతున్నారన్నదే ముఖ్యం. పక్కింటి బోరు రిపోర్టు చూసి మనది బాగున్నట్టే అనుకోకండి, కొన్ని మీటర్ల దూరంలోనే తేడా ఉండొచ్చు.

ప్రశ్న: కాచి తాగితే పోదా? టీడీఎస్ మీటరు పెట్టి చూస్తే నంబర్ బానే ఉంది.

జవాబు: కాస్తే పోదు, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. క్లోరిన్ కలిపినా అంతే, క్రిములు చస్తాయి, ఆర్సెనిక్ మిగులుతుంది. టీడీఎస్ మీటరు సంగతైతే మరీ (అది ముంచి చూపించి ఫిల్టర్లు అమ్మేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట), అది చూపించేది మొత్తం లవణాలు, లీటరుకి వందల మిల్లీగ్రాములు, 38 మైక్రోగ్రాములంటే 0.038 మిల్లీగ్రాములు, ఆ నంబర్‌లో అది ఎక్కడ కనిపిస్తుంది? ల్యాబ్‌లో ఆర్సెనిక్ అని పేరు పెట్టి అడగాలి, మామూలు వాటర్ టెస్టులో చాలాసార్లు అది ఉండదు. మామూలు క్యాండిల్, యూవీ ఫిల్టర్లు పనికిరావు. ఆర్వో, ఐరన్ మీడియా ఫిల్టర్లు తగ్గిస్తాయి, కానీ బోరులోంచి వచ్చే ఆర్సెనిక్ ఎక్కువగా ఆర్సెనైట్ అనే రూపంలో ఉంటుంది, ఆర్వో దాన్ని అంత బాగా పట్టుకోదు, ముందు ఆక్సీకరణ చేయించి ఆర్సెనేట్ అనే రూపంలోకి మారిస్తే బాగా పట్టుకుంటుంది. అందుకని ఫిల్టర్‌కి ముందు ఒక శాంపిల్, తర్వాత ఒక శాంపిల్ పంపండి, ఆర్నెల్లకోసారి మళ్ళీ. స్నానానికీ బట్టలకీ ఇబ్బంది లేదు, చర్మంలోంచి పెద్దగా ఎక్కదు.