ఇన్వర్టర్ బ్యాటరీలతో కారు బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టొచ్చా?

మీరు అడిగిన దాంట్లో రెండు పనులు కలిసిపోయాయండి. కారు నెలల తరబడి షెడ్డులోనే ఉండి బ్యాటరీ పూర్తిగా పడిపోయింది. ఇంట్లో ఇన్వర్టర్‌కి 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీలు రెండున్నాయి. వాటి నుంచి వైర్లు లాగి కారు బ్యాటరీకి తగిలిస్తే ఛార్జ్ ఎక్కుతుందా అన్నారు. బండి స్టార్ట్ చేసుకోవడం ఒక పని, బ్యాటరీ నిండటం ఇంకో పని. మొదటిది కాసేపట్లో అయిపోతుంది. రెండోది నేరుగా వైర్లు తగిలిస్తే అవదు.

మాది మొగల్తూరు దగ్గర, రొయ్యల చెరువులు. రాత్రిపూట కరెంటు పోయి ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే చక్రాలు) ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. అలాంటప్పుడు జనరేటర్ సెల్ఫ్ కొట్టకపోతే ఎక్కడ బ్యాటరీ కనిపిస్తే అక్కడి నుంచే లాగుతాం. ట్రాక్టర్‌ది, ఇన్వర్టర్‌ది, పక్క చెరువు వాళ్ల సోలార్ బ్యాటరీ, అన్నీ అయ్యాయి. ఇక్కడ చెప్పేదంతా అలా చేసి చూసిందే.

ముందు లెక్క చూడండి. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉండి, లోడు ఏమీ లేనప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.2 దగ్గరుంటే సగం, 11.8 కి వచ్చిందంటే దాదాపు ఖాళీ. అలా ఖాళీ అయినదాన్ని నింపాలంటే చివరికొచ్చేసరికి 14.4 వోల్టుల దాకా ఇవ్వాలి. ఇంజిన్ తిరుగుతుండగా బ్యాటరీని ఛార్జ్ చేసే కారు ఆల్టర్నేటర్ ఇచ్చేదీ ఇంచుమించు అంతే. మీ ఇన్వర్టర్ బ్యాటరీ ఎంత పెద్దదైనా దాని వోల్టేజి 12.6 దాటదు. పక్కపక్కనున్న రెండు చెరువుల మధ్య తూము ఎత్తితే నీళ్లు మట్టాలు సమానమయ్యేదాకానే పారతాయి. అవతలి చెరువు పదెకరాలదైనా ఇవతలి చెరువు గట్టు దాకా నిండదు. ఇదీ అంతే. మొదట్లో కరెంటు బాగానే పారుతుంది, గంట గడిచాక కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పెడితే ముల్లు కదలనంత తక్కువ. బ్యాటరీ సగంలో ఆగిపోతుంది. సగంలో ఉంచి వదిలేసిన లెడ్ యాసిడ్ బ్యాటరీకి ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, ఆ తర్వాత ఎంత ఛార్జ్ పెట్టినా మునుపటిలా పట్టదు.

కాబట్టి మీకు అన్నిటికన్నా తేలికైన దారి, ఎవరికీ వెంటనే తట్టనిది ఏంటంటే, బ్యాటరీకి బ్యాటరీ తగిలించకండి. ఇన్వర్టర్ నుంచి వచ్చే 230 వోల్టుల ప్లగ్గులో మామూలు 12 వోల్టుల బ్యాటరీ ఛార్జర్ పెట్టి దాంతో కారు బ్యాటరీ ఛార్జ్ చేయండి. డీసీని ఏసీ చేసి మళ్లీ డీసీ చేయడం దండగ కదా అంటారు. దండగే, కొంత పోతుంది. కానీ లెక్క వేసి చూడండి. మీ రెండు బ్యాటరీల్లో కలిపి 3,600 వాట్ అవర్లు. చిన్న పెట్రోలు కారు బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లు, అంటే 420. దారిలో పోయేది కలుపుకున్నా 600, 700 చాలు. 5 ఆంపియర్ల ఛార్జర్ లాగేది సుమారు వంద వాట్లు, అంటే రెండు సీలింగ్ ఫ్యాన్లంత కూడా కాదు. 2025 అక్టోబరు ఆఖరులో మొంథా తుఫానుకి మా వైపు కరెంటు పోయినప్పుడు జనరేటర్ బ్యాటరీకి ఈ పద్ధతే వాడాం. ఫ్యాన్లు ఆపేసుకున్నాం, అంతే తేడా.

ఛార్జర్ దొరకలేదనుకోండి. పాత ఆటో ఎలక్ట్రీషియన్లు చేసే పని ఒకటుంది, నాకు పాలకొల్లులో ఒక మేస్త్రి నేర్పాడు. ఇన్వర్టర్‌కి రెండు బ్యాటరీలుంటే చాలావరకు వాటిని సిరీస్‌లో, అంటే ఒకదాని పాజిటివ్ ఇంకోదాని నెగటివ్‌కి కలుపుతారు, అంటే మొత్తం 24 వోల్టులు (మీటర్ పెట్టి చూడండి, ఊహించకండి). ఆ 24ని కారు బ్యాటరీకి నేరుగా పెట్టడం ప్రమాదం, యాసిడ్ ఉడికిపోతుంది. మధ్యలో 12 వోల్టుల 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు ఒకటి సిరీస్‌లో పెడితే మాత్రం కథ మారుతుంది. 24లో బ్యాటరీ 12 పట్టుకుంటుంది, మిగతా 12 బల్బు మీద పడుతుంది. బల్బు దాదాపు పూర్తి వెలుగుతో వెలుగుతుంది, నాలుగున్నర ఆంపియర్ల దరిదాపుల్లో కరెంటు పారుతుంది. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి అది సరిగ్గా సరిపోయే రేటు. గంట, గంటన్నరలో సెల్ఫ్ కొట్టేంత ఎక్కుతుంది, పూర్తిగా నిండాలంటే ఎనిమిది, తొమ్మిది గంటలు.

ఇందులో మూడు జాగ్రత్తలున్నాయి, వాటిలో మొదటిది తప్పితే కారే పోతుంది. కారు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీసి, కారుకీ బ్యాటరీకీ సంబంధం తెంచాకే ఇది మొదలుపెట్టాలి. ఛార్జ్ అవుతుండగా బ్యాటరీ దగ్గర క్లిప్పు ఊడితే అప్పటిదాకా వోల్టేజిని 12 దగ్గర పట్టి ఉంచిన బ్యాటరీ ఉండదు, 24 వోల్టులూ కారు కంప్యూటర్ మీదకెళ్తాయి. రెండోది, ఈ బల్బు ఛార్జర్ తనంతట తాను ఆగదు. 14.4 దగ్గరికి రాగానే మీరే తీసేయాలి, కాబట్టి పెట్టేసి నిద్రపోయే వ్యవహారం కాదు. మూడోది, బల్బు బాగా వేడెక్కుతుంది, ఇటుక మీద పెట్టండి, దగ్గర్లో గోనె సంచులు, డీజిల్ డబ్బాలు లేకుండా చూసుకోండి.

రెండిట్లో ఒక్క బ్యాటరీ నుంచే 12 వోల్టులు లాగొచ్చు కదా అని మీకు తోచే ఉంటుంది. స్టార్ట్ చేసుకోవడానికి కొద్ది నిమిషాలు పర్వాలేదు. గంటల తరబడి లాగితే మాత్రం జంటలో ఒకటి ఖాళీగా, ఒకటి నిండుగా మిగులుతాయి. తర్వాత ఇన్వర్టర్ ఛార్జ్ చేసేటప్పుడు నిండుగా ఉన్నదానికి అతిగా ఎక్కుతుంది, రెండోది ఎప్పటికీ నిండదు. పాతికవేలు దాటే జత మీద ఈ ప్రయోగం వద్దు.

ఇక మీకు తొందరగా బండి కదలడమే కావాలంటే జంప్ చేసుకోండి, అంటే వేరే బ్యాటరీ సాయంతో సెల్ఫ్ కొట్టండి. ఇన్వర్టర్ ఆపేసి, ఒక్క 12 వోల్టుల బ్యాటరీనే తీసుకుని, ఎరుపు కేబుల్ ముందు కారు పాజిటివ్‌కి, తర్వాత ఇన్వర్టర్ బ్యాటరీ పాజిటివ్‌కి. నలుపు ముందు ఇన్వర్టర్ బ్యాటరీ నెగటివ్‌కి, రెండో కొస కారు బ్యాటరీకి కాదు, దూరంగా ఇంజిన్ మీద పెయింట్ లేని ఇనుముకి. ఆఖరు కనెక్షన్‌లోనే నిప్పురవ్వ వస్తుంది. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉండొచ్చు, అది గాలిలో 4 శాతం ఉంటే చాలు అంటుకోవడానికి. ఇంటి వైరింగ్‌లో మిగిలిన 2.5 స్క్వేర్ వైరుతో సెల్ఫ్ కొట్టకండి, సెల్ఫ్ వంద ఆంపియర్ల పైనే లాగుతుంది. చేతిలో అదొక్కటే ఉంటే మధ్యలో 20 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, పావుగంట అలా ఉంచి, వైరు తీసేసి అప్పుడు సెల్ఫ్ కొట్టి చూడండి. చిన్న పెట్రోలు బండి చాలాసార్లు అందుకుంటుంది, డీజిల్ బండి మీద ఆశ పెట్టుకోవద్దు.

స్టార్ట్ అయ్యాక అమలాపురం దాకా వెళ్లొస్తే బ్యాటరీ నిండిపోతుందనుకోకండి. ఆల్టర్నేటర్ ఉన్నది వాడిన కాస్తా తిరిగి నింపడానికి, పూర్తిగా ఖాళీ అయినదాన్ని నింపడానికి కాదు. ఇంటికొచ్చాక ఛార్జర్ పెట్టాల్సిందే.

మీ ఇన్వర్టర్‌కి లిథియం బ్యాటరీ అయితే పైన చెప్పిన నేరు కనెక్షన్లేవీ చేయకండి. దాని బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) కటాఫ్ అయిపోతుంది, లేదంటే అంతకన్నా ఎక్కువ నష్టం జరుగుతుంది. ప్లగ్గులో ఛార్జర్ పద్ధతి మాత్రం దానికీ పనికొస్తుంది.

ఛార్జ్ మొదలుపెట్టి గంట గడిచినా మీటర్ 10.5 దగ్గరే కదలకుండా ఉంటే ఒక సెల్ పోయినట్టు. ఆరు సెల్స్‌లో ఒకటి పోతే ఇంచుమించు అంతే మిగులుతుంది. దానికి ఇంకా ఛార్జ్ పెడితే వేడెక్కడం తప్ప ఏమీ ఉండదు. పాతది ఇచ్చి కొత్తది తెచ్చుకోండి. మీటర్ 10.5 దాటి పైకి కదులుతుంటే మీ బ్యాటరీ బాగయ్యే అవకాశం ఉంది. టెర్మినల్స్ మీద తెల్లగా, పచ్చగా పేరుకున్న పొడి ఉంటే వంట సోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరాక వేజలిన్ రాయండి. సముద్రపు గాలికి మా దగ్గర అది ఊరికే వచ్చేస్తుంది. కారు మళ్లీ నెలల తరబడి నిలబెట్టేటప్పుడు నెగటివ్ టెర్మినల్ ఊడదీసి పెట్టండి, అప్పుడు సెంట్రల్ లాక్ పనిచేయదు కాబట్టి తాళం చేత్తో తిప్పండి.