రెండో వాసిలీ పేరు పదేపదే ఎందుకుంది?
మాస్కో పాలకుల పట్టికలో రెండో వాసిలీ మళ్లీ మళ్లీ వస్తున్నాడు, అచ్చుతప్పా అని అడిగారు కదా. తప్పు కాదండీ, గద్దె పోగొట్టుకుని తిరిగి ఎక్కినవాడాయన. 1425లో తండ్రి పోయేనాటికి 10 ఏళ్లు నిండలేదు. బాబాయి యూరీ, తన తండ్రి ద్మీత్రీ దొన్‌స్కోయ్ వీలునామా చూపించి గద్దె నాదే అన్నాడు. 1433లో వాసిలీ పెళ్లిలో తల్లి సోఫియా, యూరీ పెద్దకొడుకు నడుముకున్న బంగారు పటకాను 'ఇది మా ఇంటిది' అంటూ అందరి ముందూ లాగేసింది. (పెళ్లిలో గొడవలు ఎక్కడైనా ఇంతే!) ఆ ఏడాదీ, 1434లోనూ యూరీ మాస్కో పట్టాడు, రెండోసారి కొద్ది నెలలకే చనిపోయాడు, గద్దె మళ్లీ వాసిలీకి దక్కింది. 1436లో ఆ పెద్దకొడుకు కన్ను వాసిలీ పొడిపిస్తే, 1446లో వాడి తమ్ముడు షెమ్యాకా వాసిలీ కళ్లు రెండూ తీయించి గద్దెక్కాడు. మరుసటేడే గుడ్డి వాసిలీ తిరిగొచ్చి 1462 దాకా ఏలాడు. మీ పట్టికలో 1446 దగ్గర షెమ్యాకా ఉన్నాడో లేదో చూడండి, కొందరు ఎగరగొట్టేస్తారు.